మీట వదిలితే 186

మే నెల మధ్యాహ్నం. బిలాస్‌పూర్ రైల్వే ఆఫీసులో మా కంప్యూటర్ గదికి కిటికీలు లేవు. కూలర్‌లోంచి తడి గడ్డి వాసన. నేను కూర్చున్న కుర్చీ మా ఆయన చిన్నారావుగారిది. ఆయన కామెర్లతో పోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. మూడు నెలలైంది. నాకింకా ఏడుపు రాలేదు.

అంతకుముందు రైలింజన్ల షెడ్‌లో కుడి చిటికెన వేలు తెగిపోతే ఆయన్ని ఈ గదికి మార్చారు. ఎంటర్ నొక్కడానికి ఆ వేలు లేదు కదా. అందుకని టెర్మినల్ ప్రోగ్రాంలో ఎంటర్ పనిని క్యాప్స్‌లాక్ మీటకి మార్చుకున్నారు, ఎడమ చిటికెన వేలికి అందేలా. ఇంకెవరికీ ఆ కీబోర్డు లొంగేది కాదు.

"పెద్దసాబ్ ఐదింటికి తనిఖీకొస్తారు నీలవేణీ," అన్నాడు సీనియర్ క్లర్కు గోవిందరావు. "మీటలు సరిగా పన్జెయ్యకపోతే ఈ సీటు నీకుండదు. నీళ్ళు మోసే డ్యూటీకి ఏసేస్తారు."

"అచ్ఛా బాబాయ్," అన్నాను. ఇంట్లో పాప ఉంది. కంగారుపడాలి. పడలేదు.

మీట నొక్కితే దాని నంబరు తెరమీద చూపించే ప్రోగ్రాం ఒకటుంది. నొక్కితే ఒక నంబరు, వదిలితే ఇంకోటి. ఎంటర్‌కి 28, వదిలితే 156. క్యాప్స్‌లాక్‌కి 58, వదిలితే 186. అన్నీ నొక్కి నోటుబుక్కులో రాసుకున్నాను. తర్వాత ఆయన మార్చుకున్న ఆ ఒక్క లైనూ ఫైల్లోంచి తుడిచేశాను. ఇష్టం లేకుండానే తుడిచాను.

మళ్ళీ పరీక్ష పెట్టాను.

58.

నా చేతులు ఒళ్ళో ఉన్నాయి.

58. 58. 58...

"మీట ఇరుక్కుందేటో," అంటూ గోవిందరావు స్క్రూడ్రైవరుతో ఆ మీట పీకేశాడు. 58. కీబోర్డు వైరు లాగేశాడు. 58...

186 మాత్రం రావడం లేదు.

"ఏటిది..." అంటూ వైరు వదిలేసి వెనక్కి జరిగాడు.

నాకు తెలిసింది. నొక్కినవారు ఇంకా వదల్లేదు. మీట పీకేసిన ఖాళీలో వేలు పెట్టాను. చల్లగా ఉంది.

"ఏవండీ, వేలు తీసెయ్యండి," అన్నాను మెల్లగా. "పాప కోసం... తీసెయ్యండి."

తెరమీద 58లు ఆగిపోయాయి.

186.

మీట బిగించి, వైరు పెట్టాం. సాబ్ వచ్చి అన్నీ నొక్కి చూసి, "ఠీక్ హై" అని సంతకం పెట్టారు. సీటు నాదే. గోవిందరావు నాకేసి చూడకుండా టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళే ముందు ఒక్కసారి ఎంటర్ నొక్కి చూద్దామనిపించింది. నొక్కాను. 28. వేలు ఎత్తాను.

156 రాలేదు.

మీట ఇంకా కిందికి నొక్కుకునే ఉంది...