మురిగిపోయే సెలవులు

తెల్లారేసరికే తల్లి కుట్టుమిషను ముందు కూర్చుంది. పక్కవీధి ఆఫీసువాళ్ళ కర్టెన్లు ఎల్లుండికి అందాలి. నిరుడు కుట్టినవి ఇంకా కొత్తగానే ఉన్నాయి కదా అంటే, "ఏడాది అయిపోతోందమ్మా, మిగిలిన డబ్బు ఖర్చుపెట్టకపోతే వెనక్కి పోతుంది" అన్నాడు వాళ్ళ గుమస్తా. నడి ఏడాదిలో ఏడాది అయిపోవడమేమిటో ఆమెకు ఎంతకీ బోధపడలేదు.

మందుల ఫ్యాక్టరీలో పనిచేసే కూతురు రాత్రే వచ్చింది. ఆవలిస్తూ పక్కన చేరి, సంగతి విని నవ్వింది.

"అది జమాఖర్చుల ఏడాదమ్మా. ఆర్థిక సంవత్సరం అంటారు. డబ్బు లెక్కలు ఒకచోట ముగించి మళ్ళీ మొదలెట్టడానికి పన్నెండు నెలలు పెట్టుకుంటారు. ఏ నెలలో మొదలెట్టాలన్నది వాళ్ళు అనుకున్నదాన్నిబట్టి."

"దేవుడిచ్చిన ఏడాది చాల్లేదట?"

"అది నీకూ నాకూ. ఇది ఖజానాకి. మా ఫ్యాక్టరీలో సెలవులకీ ఇదే లెక్క. ఈ వారంలో వాడుకోకపోతే మురిగిపోతాయి. అందుకేగా వచ్చాను."

మిషను ఆగింది. తల్లి చేతిలోని కర్టెను మడిచింది, మళ్ళీ విప్పింది.

"అయితే నేనూ ఈ కర్టెన్ల లాంటిదాన్నే. అక్కర ఉండి కాదు, మిగిలినవి ఖర్చవ్వాలని."

"పొద్దున్నే ఏమిటమ్మా ఇది?"

"ఏటా ఇదే వారం వస్తావు. నా మీద బెంగతో అనుకున్నాను, పిచ్చిదాన్ని. నీ పుట్టినరోజుకి రమ్మంటే కుదరదన్నావు. చేతిలో సెలవులు పెట్టుకునే అన్నావన్నమాట."

కూతురు కిందపడ్డ గుడ్డపేలికలు ఏరింది.

"నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేనెందుకు రాలేదో గుర్తుందా?"

"సెలవులు అయిపోయాయన్నావు."

"వారం ఆగితే లెక్క మారుతుంది, కొత్త సెలవులు పడతాయి, అప్పుడొస్తానన్నాను. నాన్న ఆగలేదు. అప్పట్నుంచి ఒక్కటి వాడాలన్నా చెయ్యి రాదమ్మా. నీకేమైనా అయితే? ఆఖరి వారం దాకా నువ్వు బాగుంటే, హమ్మయ్య అనుకుని బండెక్కుతాను."

ఏడాది పొడుగునా పిల్ల ఇంత భయం మోస్తోందా? ఇది ప్రేమో శిక్షో తేలక తల్లి దేవుడి పటం వైపు చూసింది. ఆయనకు మాత్రం ఈ లెక్కలన్నీ అర్థమవుతాయా అనిపించింది.

"వచ్చే వారం పడేవాటిలో రెండు రోజులు నీ పుట్టినరోజుకి ఉంచు. నేనెక్కడికీ పోను" అంది చివరికి.

"మాటిస్తావా?"

ఏమని ఇస్తుంది? "ముందా అంచు పట్టుకో" అంది. కూతురు అంచు పట్టుకుంది. సూదిలో దారం ఎక్కించబోతే తల్లికి కన్నం కనిపించలేదు.