ముప్పై అయిదు దాటితే పని బంద్

"చేపలు తాజావేనా?"

"గాలి మారితే వస్తాయి."

సంకేతం కలిసింది. అడిలైడ్‌లో ఒక చేపల దుకాణం వెనకగదిలో తెల్ల ఆప్రన్ కట్టుకుని కూర్చున్న పాస్కో, రహస్య విభాగం అధిపతి, ఏజెంట్ రోవన్ ట్రెజీస్ చేతికి అరెస్టు వారంటు ఇచ్చాడు. దానిమీద పేరు రోవన్ రెండుసార్లు చదివాడు. మోర్వెన్నా ట్రెజీస్. అతని అక్క.

పోర్ట్ కార్నెల్‌లో కడుతున్న కొత్త రేసు ట్రాక్‌కు ఆమే సైట్ బాస్. పని నెలల తరబడి వెనకబడింది. తొమ్మిదో మలుపులో ఆఖరి పొర తారు ఈ సాయంత్రంలోగా పడకపోతే, రేసు నాటికి అది గట్టిపడదు. రేసు వేరే దేశానికి తరలిపోతుంది. దాన్ని అటు లాక్కుపోవాలని ఒక విదేశీ ముఠా కాచుకు కూర్చుంది. కార్ల పందేనికి గూఢచారులా అని నవ్వేవాళ్లు, ఉన్న ఒక్క ఫ్యాక్టరీ మూతపడిన ఆ ఊళ్లో ఓ వారం ఉండి చూడాలి.

ముఠాలో విభాగం దూర్చిన మనిషి వివికా అనే అందగత్తె. టైర్ల నిపుణురాలి వేషంలో సైట్లోనే ఉంది. ముఠాకు అమ్ముడుపోయింది సైట్ బాసేనని ఆమె కబురు పంపింది.

"నన్నే ఎందుకు పంపుతున్నారు బాస్?"

"ఆమె అబద్ధమాడితే పట్టగలిగేది నువ్వే. ఇవాళ పని ఆగిందో, బేడీలు కూడా నువ్వే వెయ్యాలి."

సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వేషంలో, దొంగ మీసంతో రోవన్ సైట్లో దిగాడు. విభాగంలో అందరూ మెచ్చిన మీసం అది. మోర్వెన్నా ఒక్క చూపు చూసింది.

"ఆ మీసం ఎవరిదిరా? తిరిగిచ్చేసెయ్, పాపం వెతుక్కుంటుంటాడు."

నవ్వింది గానీ మనిషి సగమైపోయింది. పని ఇంతలా ఎందుకు ఆగుతోందని అడిగితే, ఎండ అంది. నీడలో ముప్పై అయిదు డిగ్రీలు దాటితే పనిముట్లు కింద పెట్టాలి. అది అక్కడి కూలీలు పోరాడి తెచ్చుకున్న నియమం. గోధుమ గోదాం కప్పు మీద వాళ్ల నాన్న వడదెబ్బకు కూలిపోయిన ఏడాదే ఆ పోరాటం. అందుకే థర్మామీటర్ ఆమే స్వయంగా చూస్తుంది.

ఇంకా రెండు లోడ్ల తారు మిగిలింది. మోర్వెన్నా ఆఫీసు వెనక ఉన్న థర్మామీటర్ పెట్టె దాకా వెళ్లి, పాలిపోయిన ముఖంతో తిరిగొచ్చింది. ముప్పై ఆరు. చెయ్యెత్తింది. యంత్రాలన్నీ ఆగిపోయాయి. కూలీలు వ్యాన్లెక్కి రేవుకు చేపలు పట్టడానికి పోయారు. ఎవరూ మారు మాట్లాడలేదు. ఆ అంకెను అనుమానించడమంటే పక్కవాడి ప్రాణంతో బేరమాడటమే అక్కడ. పొగలు కక్కే తారు పక్కన నిలబడ్డవాడికి రోజూ నిప్పులే గనక, గాలి చల్లగా ఉన్నా తేడా తెలియదు.

రోవన్ అక్కకు అడ్డంగా వెళ్లాడు. వారంటు తీసి చూపించాడు.

"ఒక్క గంట పని సాగనివ్వు అక్కా, నీ కాళ్లు పట్టుకుంటాను. లేకపోతే నిన్ను నేనే తీసుకుపోవాలి."

ఆమె రెండు చేతులూ చాచింది.

"వెయ్యరా. నాన్నను కప్పు మీంచి దించింది నేను. ఇంకొకణ్ణి దించలేను."

అబద్ధం ఎక్కడా లేదు. అందుకే అతనికి ఏడుపొచ్చింది. బేడీలు వెయ్యలేక, కూలీలు వదిలేసిపోయిన టీ బల్ల దగ్గర కూలబడ్డాడు. ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఒక చాక్లెట్ బిస్కెట్ తీసి కొరికాడు. పటుక్కున విరిగింది. వేళ్లు చూసుకున్నాడు. ఒక్క మరకా లేదు. ముప్పై ఆరు డిగ్రీల నీడలో చాక్లెట్ ఎప్పుడో కరిగి ప్లేటంతా కారాలి.

పెట్టె దగ్గరికి పరిగెత్తాడు. అక్కడ వివికా తీరిగ్గా లిప్‌స్టిక్ రాసుకుంటోంది. పెట్టె అడుగున అరచేతంత హీటర్ పలక ఉంది. దాన్ని దూరం నుంచి నడిపే స్విచ్ ఆమె చేతిలోని బంగారు లిప్‌స్టిక్కే.

"మీ అక్క అన్నిటినీ అనుమానిస్తుంది. ఆ అంకెను తప్ప," అంది వివికా, "మీ నాన్న చచ్చిపోయి మాకు చాలా మేలు చేశాడు."

లిప్‌స్టిక్ రెండో కొసనుంచి విషపు సూది దూసుకొచ్చి అతని హెల్మెట్‌లో దిగబడింది. రెండోది రాకముందే ఆమె చేతులకు బేడీలు పడ్డాయి. పలక పీకేశాడు. పాదరసం జారి ముప్పై ఒకటి దగ్గర నిలిచింది.

వెనకే వచ్చిన మోర్వెన్నా అది చూసింది. "నాన్న చావును అడ్డం పెట్టి నన్ను మోసం చేశార్రా," అని ఒక్కసారి వెక్కింది. తర్వాత కళ్లు తుడుచుకుని తారు పరిచే యంత్రం ఎక్కింది.

కూలీల ఫోన్లు వ్యాన్లలో, వాళ్లు నడిసముద్రంలో. ట్రక్కుల్లో తారు చల్లారిపోతోంది. మిగిలింది ఇద్దరు ట్రక్కు డ్రైవర్లు, అక్క, జన్మలో పార పట్టని తమ్ముడు. మీసం చెమటకు ఊడి తారులో పడింది. అక్క పైనుంచి తిడుతూనే ఉంది, అతను ఎత్తిపోస్తూనే ఉన్నాడు. రోలర్ ఆఖరి అడుగు తొక్కేసరికి ట్రాక్ చూడవచ్చిన తనిఖీ అధికారుల కారు గేటు దాటి లోపలికొచ్చింది.

రేసు అక్కడే జరిగింది. తొమ్మిదో మలుపులో ప్రతి కారూ చిన్నగా ఎగిరిపడుతుంది. డ్రైవర్ల సత్తా తేల్చడానికి డిజైనర్ కావాలనే పెట్టిన గతుకని కామెంటేటర్లు తెగ పొగుడుతుంటారు. అక్కడ పార పట్టిందెవరన్నది మాత్రం నేటికీ ప్రభుత్వ రహస్యమే.