నాలుగు తొవ్వల నడుమ గానుగెద్దు

"ఓ పిల్లా, ఇది నాలుగో చుట్టు! ఏ తొవ్వకు పోవాల్నో తెల్వదా?"

నార్కట్‌పల్లిలో నాలుగు తొవ్వలు కలిసే చోట, నడుమ కొత్తగా కట్టిన గుండ్రటి అరుగు మీద నిలబడి జానయ్య మేస్త్రీ అరిచాడు. ఒంటెద్దు బండి మీద కూర్చున్న బాలనర్సమ్మ ఒక చేత్తో నూనె డబ్బాలు పట్టుకుని, ఇంకో చేత్తో పగ్గం లాగుతోంది. ఎద్దు మాత్రం నింపాదిగా అరుగు చుట్టూ ఐదో చుట్టు మొదలుపెట్టింది.

"నాకు తెలుసు. దీనికే తెల్వదు," అంది ఏడుపు ఆపుకుంటూ.

"గట్లనా! నేను గట్టిన గీ గుండ్రటి చక్కర్ జూసి మోజు పడ్డదేమో అనుకున్న."

"ఆఁ, పడ్డది! జర పక్కకు జరుగు, నీ మీద గూడ పడ్తది."

రోడ్డు పక్కన బండ్లవాళ్లు ఘొల్లుమన్నారు. "ఏడడుగులకు బదులు ఏడు చుట్లు తిరుగుతాంది మేస్త్రీ! లగ్గం జేసుకోరాదు!" అన్నాడు బండ్లవాళ్లలో పెద్దవాడైన భిక్షం.

బాలనర్సమ్మ ముఖం కందిపోయింది. పంతొమ్మిదేళ్లు వచ్చినా నలుగురిలో మాట్లాడాలంటే ఆమెకు గొంతు పెగలదు. అంతసేపు ఎట్లా మాట్లాడిందో ఆమెకే తెలియదు.

జానయ్య నవ్వలేదు. అరుగు దిగి వచ్చి, రెండు అరచేతులతో ఎద్దు కళ్లు మూసి, నెమ్మదిగా తీశాడు. ఎద్దు ఆగింది. చెవులు ఆడించి, బుద్ధిగా అంగడి తొవ్వ పట్టింది.

"నీకెట్ల తెలిసింది?" అంది ఆమె వెనక్కి తిరిగి.

"గానుగెద్దు గదా. గంతలు ఇప్పితేనే పనైపోయిందనుకుంటది. రామన్నపేటల మాది గూడ గానుగ ఇల్లే!"

ఇంటికి పోయేదాకా ఆ మాటే చెవిలో మోగింది.

రెండేళ్ల కింద ఆ నాలుగు తొవ్వల దగ్గరే బెజవాడ సడక్ మీద వచ్చిన లారీ, బాలనర్సమ్మ తండ్రి గురవయ్య బండిని గుద్దింది. దవాఖానలో ఆయన కుడికాలు తీసేశారు. అప్పటినుంచి ఆయన ఆ తొవ్వ మొఖం చూడలేదు. దూరంగా మోటరు హారన్ వినిపించినా ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంటాడు. గానుగకు కొత్త ఎద్దు వచ్చింది. పాతదాన్ని బండికి కట్టి, శుక్రవారం శుక్రవారం అంగడికి నూనె తీసుకుపోయే పని బాలనర్సమ్మ మీద పడింది.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఎద్దు అరుగు చుట్టూ తిరగడం, జానయ్య దిగి వచ్చి దాని కళ్లు మూసి తీయడం అలవాటైపోయింది. ఎద్దు రెండు చుట్లకే అలిసి ఆగబోయిన రోజున, బాలనర్సమ్మే మెల్లగా దాన్ని మూడో చుట్టుకు అదిలించింది. అది జానయ్య చూశాడు. చూడనట్టే ఉన్నాడు.

నాలుగో శుక్రవారం అతని ముఖంలో నవ్వు లేదు.

"ఏమైంది మేస్త్రీ?"

"చక్కర్ తవ్వేస్తరట. బండ్లు ఎటువడితే అటు తిరిగి ఒకదానికొకటి తలుగుతున్నయి. వచ్చే శుక్రవారం ఇంజనీరు దొర వస్తుండు. ఆయన ముంగట గూడ గట్లనే అయితే మళ్ల మునుపటి లెక్క నాలుగు తొవ్వలే. నన్ను మక్తల్ దిక్కు పంపుతరు."

మునుపటి లెక్క అంటే ఏమిటో బాలనర్సమ్మకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? మక్తల్ ఎంత దూరమో మాత్రం అడగలేకపోయింది.

"ఎట్ల తిరగాల్నో గా బోర్డు మీద రాసిండ్రు గదా?" అంది అరుగు మీద పాతిన బోర్డు చూపిస్తూ.

"ఉర్దూల రాసిండ్రు. మనోళ్లకు ఎవలకొస్తది? అరుగును కుడిచేతి దిక్కు ఉంచుకొని తిరగాలె అని రాసిండ్రు."

"మా ఎద్దు గానుగ చుట్టు తిరిగేది గట్లనే గదా!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎద్దు నెమరు వేస్తూ నిలబడింది.

శుక్రవారం సన్నగా తుంపర పడుతోంది. ఇంజనీరు మోటరు వచ్చి ఆగింది. అంగడి తొవ్వలో ఇరవై బండ్లు వరుసగా నిలిచాయి. ముందున్న భిక్షం అడ్డదారిన కుడివైపుకు తిప్పబోతున్నాడు. బెజవాడ దిక్కు నుంచి లారీ హారన్ మోగింది.

అప్పటికే అరుగు చుట్టూ తిరుగుతున్న బాలనర్సమ్మ బండి మీద లేచి నిలబడింది. ఇరవై బండ్లూ తననే చూస్తున్నాయి.

"భిక్షం మామా! గటు గాదు! నా ఎద్దెనుక రా! గానుగ తిరిగినట్టు తిరుగు!"

అంత గొంతు తనలో ఉందని ఆమెకే తెలియదు. భిక్షం ఉలిక్కిపడి పగ్గం లాగాడు. "గానుగ లెక్కనా? గీ మాట ముందే జెప్పొచ్చు గదనే!" అంటూ ఆమె వెనక పడ్డాడు. అతని వెనక మరొకడు, ఇంకొకడు. లారీ వేగం తగ్గించి, ఒక సందు చూసుకుని వరుసలో కలిసింది. ఎవరి తొవ్వ వచ్చినప్పుడు వాళ్లు పక్కకు విడిపోయారు. బాలనర్సమ్మ మాత్రం ఆఖరి బండి పోయేదాకా పదకొండు చుట్లు తిరిగింది.

ఇంజనీరు కిందికి దిగనే లేదు. మోటరులోంచే తల ఊపి, "రహ్‌నే దో" అన్నాడు. ఉండనీ అని.

మరుసటి శుక్రవారం గురవయ్య తానే బండెక్కాడు. నాలుగు తొవ్వల దగ్గర లారీ హారన్ వినిపించగానే కూతురి చెయ్యి పట్టుకున్నాడు. లారీ వంపు తిరిగి, నెమ్మదిగా పక్కనుంచి పోయింది. ఆయన ఆ అరుగు దిక్కు చూశాడు.

"గిది రెండేండ్ల ముందే ఉంటే..." అంటూ, బండి దగ్గరికి వచ్చిన జానయ్య రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. "సల్లగుండు బిడ్డా. మా అసొంటోళ్ల కాళ్లు నిలబెట్టినవ్."

"నాకు దండాలెందుకు మామా!" జానయ్య చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఒకసారి బాలనర్సమ్మ వైపు చూశాడు. "మా నాయినను మీ ఇంటికి తోలుకొస్తా అంటే... వద్దనకుర్రి."

గురవయ్యకు అర్థమైంది. మీసాల్లో నవ్వుకున్నాడు.

"నాకేం ఎరుక? ఇరవై బండ్లకు తొవ్వ జెప్పింది గా పిల్ల. దాన్నే అడుగు."

బాలనర్సమ్మ తల వంచుకోలేదు. జానయ్య కళ్లలోకి చూసింది.

"మా బాపును మళ్ల గీ తొవ్వ మీదికి తెచ్చినవ్," అంది నెమ్మదిగా. "నీకు ఎట్ల కాదంట? ఐతారం రా. మీ నాయినకు మా ఇంట్లనే బువ్వ."