ఒకటిన్నర చుట్టు

నాన్న కార్లు బాగుచేసే షెడ్డులో వేసుకునే చొక్కాను పిండి, దులిపి, ఆమె తాడు మీద ఆరవేస్తోంది. జేబు దగ్గర గ్రీజు మరక పోలేదు. పోదని ఆమెకు తెలుసు. అయినా రోజూ ఉతుకుతుంది.

అంతలో గేటులోంచి ఎర్ర కారొకటి వచ్చింది. పాతకాలపు స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, పైకప్పు లేదు. లోపలున్న యువకుడు స్టీరింగ్‌ను కంగారుగా కుడివైపు తిప్పుతున్నాడు. కారు మాత్రం తిన్నగా వచ్చి తాడు కట్టిన గుంజను గుద్దింది. బట్టలన్నీ అతని నెత్తిన పడ్డాయి.

"కళ్ళు కనబడవా?" అంది ఆమె.

"ప్రస్తుతానికి కనబడటం లేదండీ," అన్నాడతను తడిచొక్కా వెనకనుంచి.

"స్టీరింగ్ తిప్పొచ్చుగా!"

"తిప్పానండీ. కారే కాస్త ఆలోచించుకుంటానంది."

ఆమెకు నవ్వొచ్చింది. బయటికి రానివ్వలేదు. వంగి స్టీరింగ్‌ను ఒక్క వేలితో కదిపింది. పావు చుట్టు తిరిగినా ముందు చక్రాలు ఉలకలేదు.

"స్టీరింగ్ బాక్స్‌లో పళ్ళు అరిగిపోయాయి. మార్చాల్సిందే. ఇలాగే రోడ్డు మీదికి తెచ్చారా?"

"నెమ్మదిగానే తెచ్చానండీ."

"నెమ్మదిగా గుద్దినా గుంజ విరిగిందిగా."

షెడ్డులోంచి వచ్చిన నాన్న కారునూ, గుంజనూ, కుర్రాణ్ణీ వరసగా చూశాడు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో అతని పేరు పావుచుట్టు.

కారు అతని తాతగారిదట. అతను బడిలో లెక్కల మాస్టారు. దూరపు ఊరికి బదిలీ అయింది, ఇంకో పది రోజుల్లో, సోమవారంనాడు చేరాలి. ఈ కారులోనే వెళ్ళాలని అతని పట్టుదల.

కొత్త బాక్స్ పార్సిల్‌లో రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ అతను సాయంత్రమయ్యేసరికి షెడ్డులో ప్రత్యక్షం.

"ఫోన్ చేస్తే చెప్పేదాన్నిగా, రాలేదని."

"ఫోన్లో మీ తిట్లు సరిగా వినబడవండీ."

పధ్నాలుగో నంబరు స్పానర్ అడిగితే పన్నెండు అందించేవాడు. పన్నెండు అడిగితే ఆమె ముఖం చూస్తూ సుత్తి అందించేవాడు. ఆమె విసుక్కునేది. అతను రావడం పది నిమిషాలు ఆలస్యమైతే మాత్రం గేటు వైపు నాలుగుసార్లు చూసేది.

శనివారం పాత బాక్స్ ఊడదీసి, కొత్తది ఛాసిస్‌కు బిగించారు. ఇక ఒక్క పనే మిగిలింది. అది కూడా అయిపోతే అతను వెళ్ళిపోతాడు. ఎనిమిది రోజుల్లో అతను అసలు మాట ఎత్తలేదు. ఆమె తనంతట తాను అడిగే రకం కాదు.

ఆమె కారు కింద పడుకుంది. అతను సీట్లో కూర్చున్నాడు.

"ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పి, ఎన్ని చుట్లో చెప్పండి."

"మూడండీ."

"సగం వెనక్కి రండి. అదే మధ్య. అక్కడ ఆపితే బాక్స్‌కు ఈ డ్రాప్ ఆర్మ్ కడ్డీ తొడిగి చక్రాలకు కలుపుతాను. తేడా వస్తే మళ్ళీ విప్పాలి. విన్నారా మాస్టారూ?"

"విన్నానండీ. ఒకటి... ఆ, ఒకటిన్నర. ఆపాను."

కింద ఆమె చెయ్యి ఒక్క క్షణం షాఫ్ట్ మీద ఆగింది. తర్వాత స్పానర్ తిరిగింది, చాలాసేపు తిరిగింది.

పెరట్లోనే మెల్లగా నడిపి చూశారు. కారు తిన్నగా పోతోంది. స్టీరింగ్ మాత్రం అలిగినట్టు ఒక పక్కకు తిరిగి ఉంది. ఇంతలో వాన అందుకుంది. ముగ్గురూ ముందుగదిలోకి పరుగెత్తారు.

నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"మాస్టారూ, మూడులో సగమెంత?"

"ఒకటిన్నరండీ."

"మీరెంత తిప్పారు?"

"ఒకటింబావు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "సరిగ్గా తిప్పితే రేపే వెళ్ళిపోవాలి కదండీ. మీ అమ్మాయితో చెప్పాల్సిన మాట ఒకటుంది. ఎనిమిది రోజులుగా గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది."

నాన్న కూతురివైపు తిరిగాడు.

"మరి నీకేమైందమ్మా? మధ్యకొస్తే షాఫ్ట్ కాస్త బిగుసుకుంటుంది, చేతికే తెలుస్తుంది. నీకు తెలీలేదా?"

ఆమె కాలి బొటనవేలితో గచ్చు మీద ఏదో గీసింది.

"తెలిసింది."

"తెలిసీ బిగించావా?"

"గట్టిగా బిగించాను నాన్నా."

మాస్టారి ముఖంలో లెక్క నెమ్మదిగా తేలింది.

"అంటే మీకు కూడా..."

"ఇంకా విడమరిచి చెప్పాలా? మీరేం పాఠాలు చెబుతారండీ బాబూ!"

"అయితే మనం పెళ్ళి చేసుకుందామా? పెద్దవాళ్ళ ముందే అడిగేస్తున్నాను."

"చేసుకుందాం. ముందు సోమవారం బస్సెక్కి ఉద్యోగంలో చేరండి. ఆదివారం, ఆదివారం వచ్చి కారుని చూసుకోండి."

"కారు ఇక్కడే ఉంచడానికి నాన్నగారు ఒప్పుకుంటారా? ఆర్మ్ విప్పి సరిచేయడం ఎంతసేపు పని?"

"పావుగంట. కాకపోతే పుల్లర్ లేకుండా ఊడదు. మాకున్నది అదొక్కటే." ఆమె కిటికీ గట్టు మీదున్న ఇనుప పనిముట్టును చూపించింది.

నాన్న లేచాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి పుల్లర్ తీసి చంకలో పెట్టుకున్నాడు. గొడుగు విప్పి, చెప్పులు తొడుక్కుని, "పెళ్ళయ్యేదాకా దీన్ని ఎవరికైనా అరువిస్తాను," అంటూ వానలో గేటు దాటాడు.