పదకొండో నంబరు

కనుమకి అరగంట నడక కింద, దారి మలుపు తిరిగేచోట, ఒక ఖాళీ ఇల్లుంది. ఆ ఇంటి దగ్గర లెక్క తప్పుతుందని అంటారు.

ఒకరు తగ్గుతారట. లేదా ఒకరు ఎక్కువవుతారట. ఏది నిజమని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. అక్కడ నిలబడి రెండోసారి లెక్కపెట్టేంత ధైర్యం ఇప్పటిదాకా ఎవరికీ కలగలేదు మరి.

రాతి గోడలు, సగం దిగిపోయిన పైకప్పు, తలుపు లేని గుమ్మం. ఒకప్పుడు దారి మీద మంచు ఎత్తిపోసే పనివాళ్ళు అందులో ఉండేవారు. ఇప్పుడెవరూ లేరు... లేరనే అంటారు.

మందులావిడ కూడా ముందురోజు సాయంత్రం ఈ మాట వినే, ఆ దారిన వెళ్ళింది.

మందులావిడంటే — ఓ పెద్దాసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్ళు మందుల కౌంటరు వెనక నిలబడి, మొన్న వేసవిలో రిటైరైన మనిషి. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. "నా మోకాళ్ళు ఎక్కడికీ వెళ్ళకుండానే అరిగిపోయాయి" అనేది. కుడి మోకాలికి ఆపరేషన్ అయ్యి, మళ్ళీ నిలదొక్కుకోగానే, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఈ యాత్రకి పేరిచ్చేసింది. దేశం కాని దేశంలో ఐదు రోజుల నడక. నాలుగో రోజు కనుమ దాటడం. కొండకి ఈ పక్క నుంచి ఆ పక్కకి, సొంత కాళ్ళతో, జన్మకి ఒక్కసారి. ఆవిడకి కావలసింది అంతే.

సంగతి తెలిశాక ఇంట్లో అందరూ నవ్వారు. నవ్వనిది తోడికోడలు ఒక్కతే. "నువ్వెళ్ళి ఏ లోయలోనో పడితే ఇక్కడ నాతో పోట్లాడేదెవరే?" అని తనూ పేరిచ్చింది.

అలా పదకొండుమంది గుంపులో తోడికోడలు పదో నంబరు, మందులావిడ పదకొండో నంబరు అయ్యారు.

నంబర్లు గైడు పెట్టినవి. గైడు మన తెలుగువాడే. ఎప్పుడో వంటపని మీద ఆ దేశం వెళ్ళి, కొండలు నచ్చి అక్కడే ఉండిపోయాడు. ఆగిన ప్రతిచోటా చెయ్యెత్తుతాడు. అందరికంటే ముందున్న మనిషి 'ఒకటి' అనాలి, వెనక మనిషి 'రెండు' అనాలి. అలా చివరిదాకా. 'పదకొండు' వినపడితేనే గుంపు కదులుతుంది. పొగమంచులో మనుషుల్ని చూసి లెక్కపెట్టలేం, విని లెక్కపెట్టాల్సిందే అంటాడు.

పదో నంబరు దగ్గర మాత్రం చిన్న సవరణ జరిగింది. మొదటి రోజు తోడికోడలు, సంసారం ఎలా చెయ్యాలో గుంపులోని కొత్త దంపతులిద్దరికీ బోధిస్తూ, కొండంతా చల్లగాలికి నోరు తెరుచుకునే ఎక్కింది. మర్నాడు పొద్దున్న లేచేసరికి గొంతు లేదు. నోరు తెరిస్తే సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు ఒక సుయ్‌మనే చప్పుడు... అంతే.

"మా ఇంటిల్లిపాదీ ముప్పై ఏళ్ళుగా మొక్కుకున్నది ఇదే" అంది మందులావిడ.

తోడికోడలు చేతికర్ర ఎత్తింది. ఆ కర్రే అప్పటినుంచి ఆవిడ గొంతు కూడా అయింది. పది అనడానికి బదులు రాతి మీద రెండు దెబ్బలు. టక్, టక్.

ఇక కనుమ దాటే ముందురోజు సాయంత్రం. బస చేసిన చోట భోజనాల బల్ల చుట్టూ అందరూ చేరాక గైడు చెప్పాడు. "రేపు తెల్లారకుండా నాలుగింటికే బయల్దేరతాం. ఎండెక్కితే పైన మంచు మెత్తబడిపోతుంది. దారిలో ఆ ఇల్లొస్తుంది. లోపలికి మాత్రం ఎవరూ వెళ్ళకండి."

"ఏముందేంటి లోపల?" అన్నాడు బ్యాంకులో పనిచేసి రిటైరైన క్యాషియరు.

గైడు గొంతు తగ్గించాడు. "చాలా ఏళ్ళ కిందటి మాటండి. ఒక గుంపులో అందరికంటే వెనకున్నావిడకి బూటు ఊడింది. కట్టుకుందామని లోపలికెళ్ళింది. ముందున్నవాళ్ళు లెక్కపెట్టుకోకుండా కదిలిపోయారు... పొగమంచు దిగింది. ఆవిడ మళ్ళీ ఎవరికీ కనపడలేదు. అందుకే, ఆ ఇంటి దగ్గర లెక్క తప్పితే మేం ముందుకెళ్ళం. గుంపు మొత్తాన్నీ వెనక్కి దింపేస్తాం."

"ఆవిడ... ఇంకా అక్కడే ఉందా?" అంది కొత్త పెళ్ళికూతురు, మొగుడి చెయ్యి పట్టుకుని.

"తన నంబరు ఎప్పుడొస్తుందా అని చూస్తోందంటారు."

అప్పుడే ఎవరో చెంచా కింద పడేశారు. పదకొండుమందీ కుర్చీల్లోంచి ఒక్కసారి ఎగిరిపడ్డారు. మరుక్షణం ఒకరినొకరు చూసుకుని కడుపులు పట్టుకుని నవ్వారు. క్యాషియరుకైతే కళ్ళవెంట నీళ్ళొచ్చాయి.

గైడు నవ్వలేదు. మందులావిడ దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు. "ఆంటీ, ఇవాళ మూడుసార్లు వెనకబడ్డారు. రేపు ఒక్కసారి వెనకబడ్డా, ఏమీ అనుకోకండి, నా దగ్గర పనిచేసే కుర్రాణ్ణి తోడిచ్చి కిందికి పంపించేస్తాను. సామాన్ల వ్యాన్‌లో కొండ చుట్టూ తిరిగి వద్దురుగాని."

సామాన్ల వ్యాన్! ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత, సూట్‌కేసుల మధ్య ఇంకో సూట్‌కేసులా... ఆ రాత్రి ఆవిడ దెయ్యం గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. వ్యాన్ గురించే ఆలోచించింది.

నాలుగింటికి బయల్దేరారు. తలకి కట్టుకున్న లైట్ల వెలుగు మూడడుగుల ముందు పొగమంచులో ఆగిపోతోంది. ముందు నడిచేవాళ్ళ వీపులు కనపడీ కనపడనట్టున్నాయి.

మందులావిడ కాళ్ళకి ఖరీదైన తోలు బూట్లు. ఆరేళ్ళ కిందట కొన్నవి. అరిగిపోతాయేమోనని డబ్బా తెరవకుండా, బీరువా మీద దాచింది. ఇన్నాళ్ళూ నడక సాధన అంతా పాత గుడ్డ బూట్లతోనే కానిచ్చింది. "కొత్తవా ఆంటీ?" అని గైడు మొదటిరోజే అడిగాడు. "కొత్తవే బాబూ. కొని ఆరేళ్ళే అయింది" అంది గర్వంగా. అతను ఎందుకో మొహం చిట్లించాడు.

ఒక గంట నడిచారు. అప్పుడు వినపడింది.

టప్...

తన వెనక. తన వెనక ఎవరూ లేరు కదా? తనే చివర.

ఇంకో అడుగు వేసింది. టప్.

ఆగింది. చప్పుడూ ఆగింది.

రెండడుగులు గబగబా వేసింది. టప్ టప్... గబగబా వచ్చింది అది కూడా.

వెనక్కి తిరిగి చూసింది. పొగమంచు. లైటు వెలుగులో తెల్లగా, దుప్పటి ఆరేసినట్టు... మనిషి జాడ లేదు.

"అక్కా" అంది మెల్లిగా. ముందు నడుస్తున్న తోడికోడలు తిరగలేదు. చెవుల మీదికి ఉన్ని టోపీ. పిలిస్తే వినపడదు. గట్టిగా అరుద్దామంటే గైడుకి వినపడుతుంది. గైడుకి వినపడితే వ్యాన్.

కాబట్టి మందులావిడ దెయ్యాన్ని వెంటేసుకునే నడిచింది. అది అడుగుకి అడుగు వేస్తూ వచ్చింది. టప్... టప్... ఇదీ వయసైనదే కాబోలు, ఎడమకాలు ఈడుస్తోంది అనుకుంది ఆవిడ. అనుకోగానే భయంలోనే నవ్వొచ్చింది. నవ్వితే ఊపిరి ఆడలేదు. ఊపిరి కోసం వంగితే —

లైటు వెలుగు ఆవిడ ఎడమ బూటు మీద పడింది.

బూటు అడుగున సోలు మడమ దగ్గర ఊడి, కుక్క నాలుకలా వేలాడుతోంది. ఆరేళ్ళు బీరువా మీద కూర్చుని లోపలి జిగురంతా పొడైపోయింది. ఇంతసేపూ తరిమిన దెయ్యం అదే!

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. నవ్వి, ఇంకో అడుగు వేసింది. సోలు పూర్తిగా ఊడి దారి మీద పడింది.

ఈసారి నవ్వు రాలేదు. సోలు లేని బూటుతో మంచు మీద నడిచేదెలా? గైడు చూశాడంటే అయిపోయింది. తలెత్తింది. గుంపు లైట్లు యాభై అడుగుల ముందు, రాళ్ళు పేర్చిన గుట్ట దగ్గర, మసక చుక్కల్లా ఆగుతున్నాయి. పక్కన... రాతి గోడలు. తలుపు లేని గుమ్మం.

లోపలికి ఎవరూ వెళ్ళకూడదు.

రెండు నిమిషాలు చాలు. సంచీలో మోకాలికని తెచ్చుకున్న సాగే బ్యాండేజీ ఉంది. సోలునీ బూటునీ కలిపి చుట్టేస్తే సరి. లెక్క మొదలయ్యేలోపు వెళ్ళిపోవచ్చు. ఊడిన సోలు చేత్తో పట్టుకుని లోపలికి దూరింది.

గోడ వైపు తిరిగింది. లైటు గోడ మీద పడింది.

గోడ నిండా... పాదాలు.

నల్లవి, గోధుమరంగువి, చిన్నవి, పెద్దవి. ఎడమవి, కుడివి. వరసగా, మనుషులు గోడెక్కి పోయినట్టు... మేకులు దిగ్గొట్టిన సోళ్ళు. అన్నీ బూట్లు లేని సోళ్ళే. పాతిక ముప్పై ఉంటాయి.

ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అయినా ముప్పై ఒక్క ఏళ్ళు అరల్లోంచి కావలసిన మందు వెతికి తీసిన కళ్ళు కదా. అవి తమ పని చేసుకుపోయాయి. తన సోలు చేతిలోనే ముక్కలవుతోంది. మూడో వరసలో, ఎడమకాలిది, తన కొలతే, గట్టిగా ఉన్నది ఒకటుంది. "ఏమీ అనుకోకమ్మా" అని గోడకి చెప్పి, దాన్ని మేకులోంచి లాగింది. ఆ మేకుకే తన సోలు తగిలించింది. బ్యాండేజీ ఒక చివర పళ్ళతో బిగపట్టి, చుట్టడం మొదలుపెట్టింది.

అప్పుడు బయట లెక్క మొదలైంది.

"ఒకటి!"

"రెండు!"

బ్యాండేజీ జారింది. మళ్ళీ చుట్టింది.

"ఆరు!"... "ఏడు!"

"ఎనిమిది!" పెళ్ళికొడుకు. "తొమ్మిది" పెళ్ళికూతురు.

టక్, టక్.

తన వంతు. నోట్లో బ్యాండేజీ. ఉమ్మేద్దామంటే పళ్ళకి ఇరుక్కుంది. బయట నిశ్శబ్దం. అయిపోయింది. గుంపంతా వెనక్కి. పదిమంది కళ్ళు తన మీద. వ్యాన్...

"పదకొండు!"

ఆడగొంతు. స్పష్టంగా. బయటినుంచి.

"సరే, పదండి!" అన్నాడు గైడు. లైట్లు కదిలాయి.

మందులావిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క! పోయిన గొంతుని ఎలా పెగల్చిందో ఏమో! కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో తను చెప్పకుండా సినిమాకి వెళితే, "చిన్నది స్నానం చేస్తోందత్తయ్యా" అని రెండున్నర గంటలు అత్తగారికి అడ్డుపడిన మనిషి. ఇన్నేళ్ళకి మళ్ళీ అదే పని చేసింది. ముడి బిగించి, గుమ్మం దాటి, మోకాలి సంగతి మర్చిపోయి పరుగెత్తింది. గుంపు తోక అందుకుని, వెనకనుంచి తోడికోడలు చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కింది.

తెల్లారేసరికి కనుమ మీదున్నారు.

పొగమంచు కాళ్ళ కింద ఉండిపోయింది. ఆ పక్క కొత్త లోయ, కొత్త ఎండ. మందులావిడ నాలుగడుగులు అటు వేసింది. ఐదోది కూడా వేసింది. తర్వాత చంటిపిల్లలా గెంతింది.

గెంతేసరికి గైడు చూపు ఆ బూటు మీద పడింది. ఒక సోలు గోధుమరంగు, ఒక సోలు నలుపు, మధ్యలో బ్యాండేజీ. అతను కూలబడి నవ్వాడు. "లోపలికెళ్ళారా ఆంటీ! ఆ సోళ్ళన్నీ మేం కొట్టినవే. బూట్లు దాచుకుని తెచ్చేవాళ్ళు ప్రతి గుంపులో ఒకరుంటారు. దారిలో దొరికినవల్లా ఆ గోడకి కొడుతుంటాం."

"మరి ఆవిడ కథ?" అన్నాడు క్యాషియరు.

"మా ముందు గైడు చెప్పేవాడండి. అది వింటే జనం ఆ మలుపు దగ్గర గబగబా నడుస్తారని నేనూ చెబుతుంటాను."

అందరూ పడీపడీ నవ్వారు. క్యాషియరు గైడు వీపు మీద ఒకటి చరిచాడు. మందులావిడ ఆ నవ్వులోనే తోడికోడల్ని కావలించుకుంది. "అక్కా, నువ్వు పదకొండు అనకపోయుంటే నేను ఈపాటికి వ్యాన్‌లో ఉండేదాన్నే."

తోడికోడలు వింతగా చూసింది. నోరు తెరిచింది. సుయ్‌మని గాలి వచ్చింది. కర్రతో తన గొంతు చూపించి, తల అడ్డంగా ఊపింది.

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి.

"నువ్వా అమ్మా?" అన్నాడు గైడు పెళ్ళికూతురితో.

"నేను కళ్ళు మూసుకుని తొమ్మిది అన్నాను, అంతే" అందా అమ్మాయి మెల్లిగా. "పదకొండు ఈ కర్ర ఆంటీ వెనకనుంచి వినపడింది... మీరే కదా అది?"

మందులావిడకి కాలి కింద ఎవరిదో సోలు వెచ్చగా ఉన్నట్టనిపించింది.

"దెయ్యమైతే తెలుగెలా వస్తుందండీ?" అన్నాడు పెళ్ళికొడుకు, నవ్వబోయి.

"ఇలా తెలుగులో లెక్కపెట్టిస్తూ ఏడాదికి ఎన్ని గుంపులు తెచ్చావయ్యా ఈ దారిన?" అని గైడుని అడిగాడు క్యాషియరు.

గైడు కింద పొగమంచు వైపు ఒకసారి చూసి, చెయ్యి పైకెత్తాడు.

ఒకటి. రెండు. మూడు... గొంతులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఎనిమిది. తొమ్మిది.

టక్, టక్.

"పదకొండు!" అని అరిచింది మందులావిడ, గొంతు చిరిగేలా — ఇంకెవరూ అనకముందే.