ఐదో గదిలో ఆకాశం రాయి

హిందూపురంలో ఆ చింతపండు కోల్డ్ స్టోరేజీకి మంచి పేరే ఉంది. అందులో ఐదో గదికి మాత్రం లేదు. లోపల ఆడదెయ్యం మూలుగుతుందని చెప్పుకుంటారు. ఆడదే... మగవాళ్ళు చచ్చాక నేరుగా స్వర్గానికి పోతారు కాబోలు! మగవాడెవడూ ఆ గడప తొక్కడు. సరుకు పెట్టడం, తియ్యడం ఆడకూలీల నెత్తినే పడింది.

1998 మే నెలలో కనగానపల్లి బీడులో ఆకాశం నుంచి ఒక రాయి పడింది. కాలేజీ లెక్చరర్ శైలజ చేతులకు తొడుగులేసుకుని, దాన్ని డబ్బాలో పెట్టి, ఐసుపెట్టెలో తెచ్చి మొదటి గదిలో దాచింది. వేడి తగిలినా, తడి తగిలినా, ఒట్టి చెయ్యి తగిలినా అది పైనుంచి మోసుకొచ్చిన గుట్టంతా పోతుంది. సోమవారం బెంగళూరు శాస్త్రవేత్తలు వచ్చేదాకా కాపాడాలి.

కాపాడనిస్తే కదా! సూపర్‌వైజర్ రామాంజినేయులు మాటిమాటికీ తలుపు తీసి చుట్టాలందరికీ దర్శనం చేయిస్తున్నాడు. శనివారానికి డబ్బా మూత మీద పసుపూ కుంకుమా వెలిశాయి.

"ఐదో గదిలోకి మారుస్తాను," అంది శైలజ.

"ఆడికా? నేను రాను మేడమ్!"

"మీరు రారనే."

లోపల బల్బు లేదు. పట్టపగలే అర్ధరాత్రి. టార్చి వేసి, డబ్బా పట్టుకుని తలుపు నెట్టింది. చలి... పులుపు వాసన... ఆ తర్వాత — మూలుగు.

శైలజకు దెయ్యాల మీద నమ్మకం లేదు. టార్చిని బస్తాల వైపు తిప్పింది.

బస్తాల వెనక గోనెపట్టా ఒకటి లేచి నిలబడింది. పక్కన ఇంకొకటి... ఇంకొకటి...

డబ్బా జారింది. చల్లటి చెయ్యొకటి చటుక్కున పట్టుకుంది.

"తలుపెయ్యి మేడమ్మా... సల్లదనమంతా పోతాంది," అని గుసగుసలాడింది గోనెపట్టా.

చింతకాయలు కొట్టే సిద్ధమ్మ! వెనక ఎస్తేరమ్మ, మదార్‌బీ. అందరూ ఇక్కడి కూలీలే. రేకుల షెడ్డులో ఉడికిపోతున్నాం, కాసేపు నడుం వాల్చే చోటు చూపమని అడిగితే, "ఇండ్లకు పోయి పండుకోండి," అన్నాడట రామాంజినేయులు. అందుకే దెయ్యాన్ని వాళ్ళే పుట్టించారు. తలుపు చప్పుడైతే మూలగడానికి వంతులు కూడా వేసుకున్నారు.

"ఆయప్పకు చెప్పినావంటే పని పోతాది," అంది సిద్ధమ్మ.

బయటి నుంచి రామాంజినేయులు గొంతు: "మేడమ్... ఏమన్నా ఉండాదా?"

శైలజ ఆలోచించింది. చల్లటి గది, ఎవడూ తెరవని తలుపు... రాయికి మాత్రం ఇంతకన్నా ఏం కావాలి? డబ్బాను బస్తాల వెనక భద్రంగా పెట్టింది. జుట్టు విరబోసుకుని బయటికొచ్చింది.

"ఒక్కతి కాదు రామాంజినేయులు గారూ... గుంపు! అందులో ఒకామె మిమ్మల్ని పేరు పెట్టి అడిగింది. లోపలికి రమ్మంటోంది."