కదలొద్దన్న టీచరమ్మ

"అయ్యో రామా, మళ్ళీ లిఫ్టేనా!"

టూరు మొదలై ఒక పూటైనా కాలేదు. ఎత్తైన మేడ పైఅంతస్తులో టీచరమ్మ కిటికీ అద్దానికి ముక్కు ఆనించి, కింద పరుచుకున్న మహానగరాన్ని నోరు తెరుచుకుని చూస్తోంది. పక్కన ఉండాల్సిన మొగుడు మాత్రం లిఫ్టు తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాడు.

"చప్పుడే లేదు టీచర్ గారూ! ఎవరో గానీ దీన్ని బంగారంలా చూసుకుంటున్నారు."

"నన్ను కూడా కాస్త చూసుకోండి. పెళ్ళాన్ని."

అతను నవ్వాడు. నవ్వితే బాగుంటాడు, అదే వచ్చిన చిక్కు. ఆవిడకి కోపం నిలవదు.

ఆవిడ జాగ్రఫీ టీచరు. ఆసియా మ్యాపు మీద కర్ర పెట్టి "ఇదిగో ఈ నగరం, దీని జనాభా ఇంత" అని ఏళ్ళ తరబడి చెప్పిందే గానీ, ఒక్కటీ చూసిన పాపాన పోలేదు. అతను లిఫ్టు మెకానిక్. పెద్దలు కుదిర్చిన పెళ్ళి. ఆమె బడి ఒక ఊళ్ళో, అతని పని ఇంకో ఊళ్ళో. సెలవు దొరికినప్పుడల్లా ఒకరింటికొకరు చుట్టాల్లా వచ్చిపోతున్నారు.

"ఎన్నాళ్ళే ఇలా? మూడు నగరాలు తిరుగుతారుగా, కలిసుండే సంగతి ఎక్కడో ఒకచోట అడిగెయ్" అని అక్క చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపింది.

అడగడమా? తనా? ఆయన ఒక్కసారి "వచ్చెయ్" అంటే చాలదూ! ఆ ఒక్క మాట కోసం కాచుక్కూర్చుంది టీచరమ్మ.

మొదటి నగరంలో అనలేదు. ఆ మేడ దిగేసరికి ఒకటే వాన. ఇద్దరికీ కలిపి ఒక్క గొడుగు. అతని భుజం సగం, ఆమె జడ సగం తడిశాయి. రోడ్డు దాటుతుంటే అలవాటు కొద్దీ అతని మణికట్టు పట్టేసుకుంది.

"తప్పిపోతే ఉన్నచోటే నిలబడాలి. కదలొద్దు. టీచరే వెతుక్కుంటూ వస్తుంది. అర్థమైందా?"

"అర్థమైంది టీచర్!" అని బుద్ధిగా చెయ్యెత్తాడు. ఆ చెయ్యి మీద ఒక్కటేసింది.

రెండో నగరంలోనూ అనలేదు. అక్కడ సందులు ఎంత ఇరుకంటే, బాల్కనీలో ఆరేసిన చొక్కా ఎదురింటాయన చెయ్యి చాపి తొడుక్కోవచ్చు.

"జనాభా అని బోర్డు మీద అంకె వేసేదాన్నండీ. ఆ అంకెలో ఇంత నవ్వు, ఇంత అరుపు, ఇన్ని వంటల వాసనలు ఉంటాయనుకోలేదు" అంది.

అతను ఆమె మొహంకేసే చూస్తున్నాడు. "బడి తెరవగానే పిల్లలకి చెప్పు. ఎగిరి గంతేస్తారు."

అంతే! ఇంకో ముక్క లేదు. ఆవిడ మనసు చివుక్కుమంది.

మూడో నగరం, చివరి రోజు. భూమి కింద రైలు స్టేషను, ఇసుకేస్తే రాలనంత జనం. ఏదో చెప్పుకుంటూ మెట్లు దిగి వెనక్కి చూస్తే మొగుడు లేడు! ఆయన ఫోనేమో ఈవిడ బ్యాగులోనే ఉంది.

పైకి పరిగెత్తబోయి ఆగింది. 'అస్తమానం నేనే వెతుక్కోవాలా? ఒక్కసారి ఆయనే రావచ్చుగా!'

స్తంభం పక్కన మొండిగా నిలబడింది. రైళ్ళు వచ్చాయి, పోయాయి. కళ్ళు కాయలు కాశాయి. కోపం కాస్తా భయమైంది, భయం కాస్తా ఏడుపైంది. పంతం గంగలో కలిపి, మెట్ల మీద పరుగు తీసింది.

పైన లిఫ్టు పక్కనే ఉన్నాడు మహానుభావుడు! వచ్చేపోయేవాళ్ళ బ్యాగులు తగులుతున్నా అంగుళం జరక్కుండా, బిక్కమొహం వేసుకుని.

"ఏవండీ! కిందికి రావచ్చుగా?"

"కదలొద్దన్నావుగా!"

"అది పిల్లలకండీ, మొగుళ్ళకి కాదు!"

"నువ్వు వచ్చి చూసేసరికి నేను కనపడకపోతే హడలిపోతావని..."

ఆవిడ ఇక ఆగలేకపోయింది. "రేపు ఎవరి ఊరికి వాళ్ళం పోతాం. అక్కడా ఇలాగే నిలబడతారా? 'వచ్చెయ్' అని ఒక్కసారైనా అన్నారా నన్ను?"

అతను తల దించుకున్నాడు. "అంటే బడి మానేసి వచ్చేస్తావని భయం. పిల్లల మాటెత్తితే నీ మొహం వెలిగిపోతుంది. దాన్ని నా చేత్తో నేనే ఆర్పుకోనా? అందుకే మీ ఊరికి బదిలీ అడిగాను. బయల్దేరే ముందే ఇచ్చేశారు."

"మరి చెప్పరేం!"

"నువ్వు రమ్మంటేగా! పిలవని పేరంటానికి ఎలా వస్తాను?"

నిజమే! ఆయన అనాలి, ఆయనే అనాలి అని భీష్మించుకుందే గానీ, తనెప్పుడైనా అన్నదా?

"వచ్చేయండి" అంది, వెనక బెంచీకి కూడా వినపడే గొంతుతో. చుట్టూ జనం ఉలిక్కిపడి తిరిగి చూశారు. భాష తెలియకపోయినా ఒక ముసలావిడ ముసిముసిగా నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

అక్కడి నుంచే అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, మీ మరిది మన ఊరే వచ్చేస్తున్నారు!"

"హమ్మయ్య! ఇంతకీ ముందెవరు అడిగారే?"

టీచరమ్మ మొగుడి వంక చూసింది. అతను కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"నేనేనే!" అంది.